కేట్ అవ్వ పాట, మూడో వరస

ఫిబ్రవరి 2, 2018 – శుక్రవారం

నోరా గారి మెసేజ్. డోనల్ సార్ చెల్లెలు. ఒక చేతిలో ఫోను, ఒక చేతిలో బ్లేడు — గడ్డం కింద తెగింది. తెగనీ.

మార్చి మొదటి శనివారం ఐర్లండులో వాళ్ళ ఊరి హాల్లో సార్ జ్ఞాపకార్థం కూడుకుంటున్నారట. ప్రసంగాలుండవు. ఆయన ఇల్లిల్లూ తిరిగి పోగుచేసి, పదిమందికి నేర్పి బతికించిన పాటలన్నీ ఊరివాళ్ళే వాయిస్తారు. అన్నీ దొరికాయి, ఒక్కటి తప్ప. కేట్ అవ్వ పాట. ఆ ఊళ్ళో అది వచ్చినవాళ్ళు ఎవరూ మిగల్లేదు. రియాద్‌లో వాళ్ళకు నేర్పానని మా అన్న అనేవాడు, మీ దగ్గర ఉందా — అని అడుగుతోంది.

ఉందా అంటే! ప్రభువా, నర్సుల బస్సు నడుపుకునే కోనసీమ వాణ్ణి పట్టుకుని, మా ఊరి పాట నీ దగ్గరుందా అని ఐర్లండు అడుగుతోంది.

నవంబరులో ఆయన పోయిన కబురు వచ్చినప్పుడు ఈ పేజీ మీద ఒక్క ముక్క రాయలేకపోయాను. ఇవాళ కలం ఆగడం లేదు.

కంపెనీ అకౌంట్స్‌లో పనిచేసే ఆంథోనీ ఫ్లాట్‌లో ప్రేయర్. వాక్యం చెబుతుంటే గొంతు పెరిగిపోయింది — ఆంథోనీ రెండుసార్లు కిటికీ వైపు చూపించాడు, ఈ దేశంలో మన ప్రార్థన నేరం. తగ్గించాను. మళ్ళీ పెరిగింది.

ఫిబ్రవరి 3, శనివారం

ఆంథోనీకి ఫైనల్ ఎగ్జిట్ పడింది, ఇక దేశం వదిలి పోవాల్సిందే. కంపెనీ నితాకాత్‌లో ఎరుపులోకి జారిపోయింది, సౌదీలకు ఇవ్వాల్సినన్ని ఉద్యోగాలు ఇవ్వలేదని. ఆఫీసు కుర్చీల్లో సౌదీ పిల్లలు కూర్చోవాలి. అకౌంట్స్ కుర్చీయే ముందు పోయింది. ఇంట్లో తలకింత అని కట్టే లెవీ మోయలేక భార్యనూ పిల్లల్నీ నిరుడే గోవా పంపేశాడు. ఇప్పుడు తనూ. ఇరవై నాలుగున ఫ్లైటు.

అంటే ఈలోపే అయిపోవాలి. ఫిడేలు వాడొక్కడికే వచ్చు. నా చేతిలో కంజీర — అది తాళం నిలబెడుతుందే గాని పాట పాడదు.

సాయంత్రం కూర్చున్నాం. కేట్ అవ్వ పాటకు మూడు వరసలు. మొదటిది వాయించాడు, తేనె. రెండోది, అదీ తేనె. మూడోది… విల్లు గాల్లోనే ఆగిపోయింది.

వాడి తప్పు కాదు. మూడో వరస దగ్గర సార్ చెయ్యెత్తి వీణ్ణి ఆపేవాడు. చెక్క ఫ్లూటు మీద తనొక్కడే వాయించేవాడు. ఆంథోనీ కింద ఒకే తీగ పట్టుకుని ఉండేవాడు, నేను దరువు. మూడేళ్ళు విన్నాం. వింటూ కూర్చున్నాం, అంతే.

“కళ్ళు మూసుకుంటే వినిపిస్తోంది భాయ్,” అన్నాడు. “తెరిస్తే పోతోంది.”

మూసుకునే వాయించు అన్నాను. వాయించాడు. అది వేరే పాట.

ఫిబ్రవరి 4

మూడో వరస రాలేదు.

ఫిబ్రవరి 6, మంగళవారం

ఆసుపత్రి గేటు దగ్గర బస్సు ఆపి రాస్తున్నాను. నర్సులు రావడానికి ఇంకా టైముంది.

ఈ ముందు సీటే సార్‌ది. ఆసుపత్రి ఎక్స్‌రే మెషీన్లు బాగుచేసే ఇంజనీరు. కంపెనీ కారిచ్చింది, అయినా నా బస్సే ఎక్కేవాడు. సిగ్నల్ దగ్గర నేను స్టీరింగు మీద వేళ్ళతో దరువేస్తుంటే — ఆ దరువు ఎక్కడిది, ఎవరు నేర్పారు? మా ఊరి చర్చిలో కంజీర కొట్టే ముసలాయన అన్నాను. ఆయన పేరేమిటి? ఈ దేశానికి వచ్చాక నన్ను ఇకామా, ఆ నివాస కార్డు, అడిగినవాళ్ళే గాని మా ఊరి కంజీర ముసలాయన పేరు అడిగినవాడు లేడు. చెప్పాను. పైకి ఒకసారి పలికి చూసుకున్నాడు, తప్పుగా. మళ్ళీ చెప్పించుకున్నాడు. ఆ గురువారమే ఆయన ఉండే విదేశీయుల కాంపౌండు హాల్లో ఆయన పక్కన కూర్చున్నాను.

కాంపౌండు లాండ్రీ గోడ మీద కాగితాలు అంటించేవాడు: మా లోయ పాటలు, గురువారం, టీ ఉంటుంది. జనం వచ్చి ఐర్లండు పాట అంటే టీవీలో వచ్చేవి అడిగేవాళ్ళు. సార్ మొహం ఎర్రబడేది. అవి కొండకు అవతలివాళ్ళవి, వాళ్ళనే అడగండి అనేవాడు. ఐర్లండంతా ఆయనకు అక్కర్లేదు. ఒక వాగు, దానికి అటూ ఇటూ ఉన్న ఇళ్ళు. కుర్రతనంలో సైకిలు మీద టేపు రికార్డరు కట్టుకుని ఆ ఇళ్ళన్నీ తిరిగాడు. ఆవుల కొట్టాల్లో, వంటింటి పొయ్యిల దగ్గర ముసలివాళ్ళ ముందు కూర్చున్నాడు. బడి సెలవుల్లో పిల్లల్ని పోగేసి నేర్పాడు. ఇంత చేసినవాడు రియాద్ వచ్చీ ఊరుకోలేదు. ఎవరూ రాని గురువారాలు కూడా కుర్చీలన్నీ వేసేవాడు. నేనూ ఆంథోనీయే. తీయబోతే తీయనిచ్చేవాడు కాదు.

కేట్ అవ్వ ఒక్కతే టేపులో లేదు. ఒప్పుకోలేదట. మెషీను పట్టుకుపోతే నాకేం మిగులుతుంది అందట. ఆవు పాలు పితుకుతూ నోటితోనే వాయించేది — మాటల్లేవు, వాయిద్యం లేదు, ఉత్త తదుదుమ్ తదుదుమ్. ఈయన చెంబు పట్టుకుని పక్కన నిలబడి నేర్చుకున్నాడు. ఎక్కడ వాయించినా ముందు ఆమె పేరు చెప్పాలి, ఊరు చెప్పాలి. తర్వాతే ఫ్లూటు పెదవికి. నేను వాక్యం చదివే ముందు అధ్యాయం చెప్పినట్టు. ఆ పద్ధతి చూసే ఆయన మీద నాకు గురి కుదిరింది.

ఆత్మను మాత్రం నాకు చిక్కనివ్వలేదు. మూడేళ్ళు సువార్త చెప్పాను. వింటాడు, తలూపుతాడు, చివర్లో — మీ ఊళ్ళో నాట్లు వేసేటప్పుడు ఏం పాడతారు? అవి చీకటి పాటలు సార్, రక్షణ పొందాక వదిలేశాను అన్నాను.

“వదిలేసినవి ఎవరి దగ్గర పెట్టావు?”

వీధి మొగలో నిలబడి ఊరంతటికీ జవాబు చెప్పినవాణ్ణి, గేరు మార్చి బస్సు కదిలించాను.

నర్సులు వస్తున్నారు.

ఫిబ్రవరి 8

ఆంథోనీ పెట్టెలు సర్దుతున్నాడు. ఫిడేలు బయటే ఉంచాడు. మూడో వరసకు నాలుగు రకాలు వినిపించాడు. నాలుగూ బాగున్నాయి. నాలుగూ కావు.

ఫిబ్రవరి 9, శుక్రవారం

స్తోత్రం! స్తోత్రం! అక్షరాలు గీతల మీద నిలబడడం లేదు.

ప్రేయర్‌లో పాట ఎత్తమన్నాను. ఎవరో ‘ఎడారి గాలిలో ఎవరు పిలిచిరి నన్ను’ ఎత్తారు. నా పాటే. నేను కట్టిన కీర్తన. అందరూ అందుకున్నారు. పల్లవి అయింది, మొదటి చరణం మొదలైంది… నా చేతిలో కంజీర ఆగిపోయింది.

ఇది కేట్ అవ్వ పాట!

నేనే కదా మాటలు కట్టాను! సార్ గురువారాల్లో వాయించిన వరస తలలోంచి పోక, బస్సు నడుపుతూ నడుపుతూ మాటలు పేర్చాను. మనవాళ్ళకు ఇది అలవాటే. ఎక్కడ మంచి వరస వినిపించినా ప్రభువుకు మాటలు కట్టేస్తాం, నింపాదిగా సాగదీసి పాడతాం, ఏడాది తిరిగేసరికి అది పుట్టినిల్లు మర్చిపోతుంది. నేను కూడా మర్చిపోయాను. ఉరకలెత్తే ఆట పాటను మోకాళ్ళ ప్రార్థన చేసి కూర్చోబెట్టాం కాబట్టి గుర్తుపట్టలేదు. పల్లవి ఒకటో వరస. మొదటి చరణం రెండోది. రెండో చరణం —

రెండో చరణం ఎవరికీ రాలేదు. మాటలున్నాయి, నేనే రాశాను: ‘దుమ్ము లేచిన వేళ దూరమయ్యె గుడారము, తాడు వదలని చేయి తండ్రీ నీదే కాదా.’ వరస ఎవరి గొంతులోనూ లేదు. నా గొంతులో అసలే లేదు. నేను పాడితే మేకలు బెదురుతాయని మా అమ్మే అనేది.

ఆ చరణం మరియమ్మ ఒక్కతే పాడేది. అందరం ఆపేసి వినేవాళ్ళం.

మరియమ్మ నజ్రాన్‌లో ఉంది, ఇక్కడికి వందల మైళ్ళ దూరాన.

ఫిబ్రవరి 10, శనివారం

మరియమ్మ కడప మనిషి. ఇక్కడి ఆసుపత్రి డాక్టరు గారింట్లో పని. మేడమ్ మంచిదే, శుక్రవారం సాయంత్రపు అసర్ నమాజు దాకా వదిలేది. ప్రేయర్ అయ్యాక ఆంథోనీ ఇంట్లో టీ కప్పులు కడుగుతూ ఉండిపోయేది. అదే గదిలో సార్ వచ్చి ఆంథోనీతో సాధన చేసేవాడు. అలా ఎక్కింది ఆమె చెవికి. నేను మాటలిస్తే ఎవరూ నేర్పకుండానే వరసలో పెట్టేసింది. డాక్టరు గారికి నజ్రాన్ బదిలీ అయింది, ఇంటితో పాటు ఈమె కూడా.

మెసేజ్ పెట్టాను. ఫోను శుక్రవారం తప్ప చేతికి రాదు ఆమెకు. వాళ్ళంతా భోంచేసి పడుకున్నప్పుడు మేడమ్ ఇస్తుంది.

వచ్చే శుక్రవారం దాకా ఎలా ఆగను?

ఫిబ్రవరి 13

ఆగలేక ఆయన్ను తలుచుకుంటున్నాను. నేను మాటలు కట్టానని విన్నప్పుడు సార్‌కు కోపం వచ్చింది. అంత కోపం ఎప్పుడూ చూడలేదు. మాటలు ఎక్కిస్తే పాట కుంటుతుంది, గాడిద మీద మూట వేసినట్టు అన్నాడు.

“ప్రభువు యెరూషలేముకు గాడిద మీదే వెళ్ళాడు సార్,” అన్నాను.

నవ్వాడు. నవ్వి నవ్వి దగ్గు పట్టుకుంది, నీళ్ళిచ్చాను. దగ్గు అప్పటికే మొదలైంది అని ఇప్పుడు అనిపిస్తోంది. ఆ తర్వాత మరియమ్మ పాడుతుంటే మాత్రం వంటింటి గుమ్మంలో నిలబడి వినేవాడు.

ఫిబ్రవరి 16, శుక్రవారం

చేసింది! మరియమ్మ ఫోన్ చేసింది!

మేడ మీద బట్టలు ఆరేస్తూ. గాలి మోత, తాడు చప్పుడు.

“ఏమన్నా, బతికుండావా. మమ్మల్ని మర్చిపోతివే.”

క్షమించు చెల్లీ అని, గుక్క తిప్పుకోకుండా అంతా చెప్పాను. సార్ పోయాడని అప్పటిదాకా ఆమెకు తెలియదు. తాడు చప్పుడు ఆగిపోయింది.

“ఆ పాట నేను యాడ మర్చిపోతానన్నా. చంటోణ్ణి దాంతోనే నిద్రపుచ్చేది. మేడమ్ అడిగితే మా అమ్మ పాట అని చెప్పినా.”

దేవుని పని చూడు! ప్రేయర్‌లో ఇరవై గొంతుల్లో మూగబోయిన వరస, నజ్రాన్‌లో అరబ్బు పసివాడి ఉయ్యాల దగ్గర రోజూ మోగుతోంది. గొర్రెల కాపరి దావీదు వీణకు రాజు నెమ్మదించాడని ఎన్నిసార్లు చెప్పానో. ఇప్పుడు నా కళ్ళెదుటే.

మాటలు వద్దు, వరస ఒక్కటే నానానా అని పాడమన్నాను. ప్రయత్నం చేసింది పాపం. మొదటి మెలికలోనే దారి తప్పింది.

“ఆకు లేకుండా వక్క నమలమన్నట్టుండాదన్నా. మాట పడితేనే నాకు వరస వచ్చేది.”

అయితే మాటలతోనే పాడి రికార్డు చేసి పంపమన్నాను. గొంతు తగ్గించి, అడుగూ అడుగూ గోడ వారకు జరుగుతూ పాడినట్టుంది. కింద ఎవరైనా తెలుగు వచ్చినవాళ్ళు ఉంటే? ఇది చంటిపిల్లల పాట కాదు, కీర్తన అని తెలిస్తే? పని పోవడంతో ఆగదు. ఆమెకు తెలుసు. అయినా మూడు వరసలూ పాడింది.

మూడో వరస. ఉంది. బతికుంది.

ఫిబ్రవరి 17, శనివారం

ఆంథోనీతో గొడవ.

వాడు విని విని, పట్టుకుని, సగం దాకా వాయించి ఆగాడు. ‘తండ్రీ’ అన్న చోట ఆమె సాగదీసి ఊగిస్తుంది. ఫ్లూటు మీద సార్ అలా ఊగించేవాడు కాదు, ఇదంతా మాట కోసం పెట్టింది, మాట తీసెయ్యాలి అంటాడు. అక్కడ ఊగించేది తండ్రిని పిలవడానికి, అది తీసేస్తే తండ్రి ఎక్కడ అని లేచాను.

“తండ్రి ఎక్కడికీ పోడు భాయ్. నాకు ఆ స్వరం కావాలి.”

తలుపు గట్టిగానే వేసి వచ్చాను.

ఫిబ్రవరి 18

వాక్యం లేని పాట నాకెందుకు? బూడిద. నా మాటలే కదా ఆ వరసను ఇన్నాళ్ళు మోసింది? మోసినవాణ్ణి ఊరి పొలిమేరలో ఆపేసి, మూట మాత్రం లోపలికి తీసుకుపోతారా?

ఫిబ్రవరి 19

అయినా అది కేట్ అవ్వ పాట. నాది కాదు.

ఫిబ్రవరి 20, మంగళవారం

ఈ ముక్క రాయడానికే రోడ్డు పక్కన బస్సు ఆపాను. వర్క్‌షాపుకు ఖాళీ బస్సు తోలుకుపోతున్నాను. ఎవరూ లేరు కాబట్టి నా మేక గొంతు విప్పాను. స్టీరింగు మీద సార్ దరువు, ఆ ఉరుకు దరువు, తకిట తకిట తకిట తకిట… దాని మీద రెండో చరణం. నింపాదిగా కాదు. పరుగు మీద.

‘తాడు వదలని చేయి’ — అంత వేగంలో నోరు తిరగదు. తాడువదలనిచేయి, తాడువదని, తాదువద, తదుదతదుద… మాటలు ఒక్కొక్కటే జారిపోతున్నాయి! నేను తీయలేదు. పరిగెత్తేవాడి భుజం మీంచి కండువా జారినట్టు వాటంతట అవే. ‘తండ్రీ’ దగ్గర ఊగడానికి టైమే లేదు — అక్కడొక చిన్న మెలిక, అంతే — ఆ మెలిక! సార్ భుజం ఎగరేసే చోటు! తదుదుమ్ తదుదుమ్! పాల చెంబు దగ్గర ఆ ముసలమ్మ నోట ఎలా ఉండేదో అలా!

వెనక నుంచి ట్రక్కువాడు హారన్ కొడుతున్నాడు. కొట్టుకోనీ.

— అదే రోజు, సాయంత్రం

ఆంథోనీ తలుపు తీయగానే, నమస్కారం లేదు, క్షమాపణ లేదు, తదుదుమ్ అని మొదలెట్టాను. వాడు అన్నం చెయ్యి కడుక్కోకుండానే ఫిడేలు తీశాడు. తర్వాత పసుపు మరకలు తుడుచుకుంటూ నన్ను తిట్టాడు.

వచ్చింది. మూడూ వచ్చాయి. మళ్ళీ మళ్ళీ వాయించాం, పక్క ఫ్లాట్ పాకిస్తానీ ఆయన గోడ మీద కొట్టేదాకా.

ఫిబ్రవరి 23, శుక్రవారం

రికార్డు చేశాం. కాంపౌండు హాలు, పింగ్‌పాంగ్ బల్ల పక్కన. మోత వస్తుందని ఏసీ ఆపించాం. అజాన్ వినిపిస్తే ఆగి, అయ్యాక మొదలెట్టాం. ఈ ఎండు గాలికి కంజీర తోలు బిగిసిపోయి రేకులా మోగుతోంది. తడి వేళ్ళతో నిమిరి నిమిరి దారికి తెచ్చాను. కుర్చీలన్నీ వేశాను. ఎవరూ రారని తెలిసే వేశాను.

ముందు ఆంథోనీ ఫోనులోకి చెప్పాడు: ఇది మీ ఊరి కేట్ పాట, డోనల్ నుంచి మాకు వచ్చింది.

పంపేశాం. సరిపోల్చుకోవడానికి పనికొస్తుందని ఆ ఊపులోనే మరియమ్మ పాడినదీ పంపేశాను. ఆమెను అడగలేదు. తట్టనే లేదు.

ఫిబ్రవరి 24, శనివారం

ఆంథోనీ వెళ్ళిపోయాడు. ఎయిర్‌పోర్టుకు నేనే దింపాను. దారిలో ఇద్దరం తదుదుమ్ అనుకుంటూ వెళ్ళాం. గేటు దగ్గర, ఇంక నీ ప్రేయర్‌లో ఎవరు కిటికీ చూపిస్తారు అన్నాడు. గొంతు తగ్గించుకో అన్నాడు. సరే అన్నాను, గట్టిగా.

ఫిబ్రవరి 26

నోరా గారి నుంచి ఏమీ లేదు.

ఫిబ్రవరి 27, మంగళవారం

వచ్చింది!!

కేట్ అవ్వ మేనల్లుడు ఉన్నాడట, పెద్ద వయసు, చెవి సరిగా వినపడదు. చెవి దగ్గర పెట్టి వినిపించారు. మొదటి రెండూ విని తలూపాడట. మూడోది రాగానే కర్ర ఎత్తి అందర్నీ నోరు మూయమన్నాడట. తప్పు చోట తిరిగి సరైన చోటుకు వస్తుంది చూశారా, అది అత్త తిరిగే మెలికే అన్నాడట. హాల్లో వాయించేవాళ్ళు అప్పుడే నేర్చుకుంటున్నారు.

ప్రభువా! ఎగిరి గంతేసే వయసు కాదు, గంతేశాను. గదిలో ఇద్దరు మలయాళీలు లేచి కూర్చున్నారు.

రెండోసారి చదివితే కింద ఇంకా ఉంది. ఆ ఆడమనిషి గొంతు — దాన్ని నోరా గారు వంటింట్లో పెట్టుకుని రోజూ వింటోందట. శనివారం సభ ఆ గొంతుతోనే మొదలుపెట్టాలనుకుంటున్నారు. ముందు ఆమె, తర్వాత అందరి వాయిద్యాలు. దూరాన ఉన్న ఊరివాళ్ళ కోసం అంతా ఇంటర్నెట్‌లో కూడా పెడతారు. పేరేమిటి, ఏ ఊరు? ఎవరి నుంచి వచ్చిందో చెప్పకుండా డోనల్ ఏదీ వినిపించేవాడు కాదు, మేమూ వినిపించం.

సంతోషమంతా కాళ్ళ కిందికి దిగిపోయింది.

ఫిబ్రవరి 28

ఆ పాటలో ప్రభువు ఉన్నాడు. ఇంటర్నెట్ నజ్రాన్‌కూ వస్తుంది. ఇంట్లో పనిచేసే మనిషి ఇకామా యజమాని చేతిలో. అడగకుండా ఆమె గొంతును సముద్రాలు దాటించింది నేను.

‘ఒక సోదరి’ అని చెప్పండి, చాలు అని రాశాను. నోరా గారు మర్యాదగానే జవాబిచ్చింది: పేరు లేకపోతే వినిపించలేం, ఆంథోనీ ఫిడేలు ఒక్కటే వినిపిస్తాం.

అదే మంచిదేమో. పాట దక్కింది కదా. ఇంకేం కావాలి? …కానీ ఆమెను అడగకుండా రెండోసారి కూడా నేనే తేల్చెయ్యనా? శుక్రవారం అడుగుతాను.

మార్చి 2, శుక్రవారం

ప్రేయర్ లేదు. ఆంథోనీ ఫ్లాట్‌కు తాళం. నా మంచం మీద కూర్చుని ఒక్కణ్ణే చదువుకున్నాను. కళ్ళు అక్షరాల మీద, చెవి ఫోను మీద.

మధ్యాహ్నం మరియమ్మ. ముందుగా క్షమాపణ అడిగాను. అడక్కుండా పంపానని చెప్పాను. ఊ అంది. అక్కడ ఎంతమంది వింటారని అడిగింది. ఊరంతా అన్నాను. సార్‌ను ఆయప్ప అంటుంది ఆమె. ఆయప్ప ఊరోళ్ళు నా గొంతు వింటారా అంది. వినాలంటే పేరు చెప్పాలట, చెబితే నీకు ప్రమాదం, వద్దని చెప్పేస్తాను అన్నాను. మళ్ళీ అనుకుని, పోనీ మరియమ్మ అని చెబుదాం అన్నాను. ఆ పేరు నేను పెట్టింది, ఆంథోనీ ఇంట్లో స్నానాల తొట్టిలో బాప్తిస్మం ఇచ్చిన రోజున. పాస్‌పోర్టులో లేదు, ఇకామాలో లేదు, మేడమ్‌కు తెలియదు. ఆ పేరు పట్టుకుని ఎవరూ ఆమె దాకా రాలేరు. ఇంత తేలికైన దారి మూడు రోజులుగా తట్టనందుకు నాకే నవ్వొచ్చింది.

ఆమె నవ్వలేదు.

“మరియమ్మ అని వద్దన్నా. ఓబుళమ్మ అని చెప్పు. కమలాపురం తాలూకా అని చెప్పు.”

అది పాస్‌పోర్టు పేరు. ఇకామా పేరు. అదే చెప్పాను.

“నాకు తెల్దా. ప్రేయర్‌లో నువ్వు మరియమ్మా అంటే పలుకుతా, కాదనను. ఆయప్ప నన్ను పేరేందని అడిగినాడు, నేను ఓబుళమ్మ అని చెప్పినా. నోరు తిరక్కపోయినా మళ్ళా మళ్ళా చెప్పించుకోని అట్లనే పిలిచినాడు. వాళ్ళ ఊర్లో వేరే పేరు చెప్తే ఎవురో పాడినట్లు గదా.”

దొరికిపోతే ఏం చేస్తావు చెల్లీ అన్నాను.

“దొంగతనం చేసినానా? ఇన్నేండ్లు పాత్రలు కడిగినా, బట్టలు ఆరేసినా. ఆ పనికి ఎవురన్నా పేరు అడిగినారా? ఒక్క పాటకు అడిగినారు. చెప్పన్నా.”

కింది నుంచి ఎవరో పిలిచారు, అరబ్బీలో. ఫోను పెట్టేసింది.

కొండ దేవుడి పేరు, నేను నీళ్ళలో ముంచి తీసేసిన పేరు. నా నోటితో చెప్పనా? అది కాదు అసలు సంగతి. చెబితే రేపు నజ్రాన్‌లో ఎవరైనా ఆ తలుపు కొడితే? చెప్పకపోతే… మోకాళ్ళ మీద కూర్చున్నాను. మాట రాలేదు. తదుదుమ్ వచ్చింది. లేచాను.

నోరా గారు మళ్ళీ అడిగింది. సాయంత్రానికల్లా తేల్చాలట.

ఓ, బు, ళ. ఆ ‘ళ’ ఇంగ్లీషులో ఎలా రాస్తే వాళ్ళ నోరు తిరుగుతుంది? ఫోనులో రాసి చూశాను. కింద కమలాపురం అని కూడా. చదువుకుంటున్నాను. ఇంకా పంపలేదు.